నాగులేటి ఒడ్డు నుంచి

కారంపూడి

అమ్మాయ్,

నీ కథ అందింది. 22 పేజీలూ రెండుసార్లు చదివాను, ఒకసారి ఊరికే, ఇంకోసారి పెన్సిల్ పట్టుకుని. "పల్నాటి యుద్ధం జరిగిన చోటే ఉంటారు కదా మాస్టారూ, తప్పులుంటే దిద్దండి" అని రాశావు. దిద్దడానికి పెద్దగా తప్పుల్లేవు. నా దిగులంతా అదే.

మొదటి వాక్యంలోనే నాగులేరు నెత్తురుతో ఎర్రబారింది. నలభై ఏళ్ళుగా ఆ ఏటి పక్కనే ఉంటున్నాను. వానాకాలం బురదరంగులో వస్తుంది, ఎండలు ముదిరితే రాళ్ళు తేలతాయి, గేదెలు దిగితే కాసేపు నల్లగా అవుతుంది. నువ్వు రాసిన ఎరుపు ఏటిది కాదు, సినిమాది. నిన్ను తప్పుబట్టడం లేదులే. నేనూ అక్కడే మొదలుపెట్టాను.

డ్రాయింగు మాస్టారుగా ఇక్కడికి వచ్చిన కొత్తలో బాలచంద్రుడి బొమ్మ వేశాను. మెలితిరిగిన మీసం, ఎత్తిన కత్తి, వెనక మబ్బులు. నూనె రంగులకి సగం జీతం అయిపోయింది. వీరుల తిరునాళ్ళకి పక్క ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దాయన మా అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు తాగుతూ ఆ బొమ్మని చాలాసేపు చూశాడు. "ఎవరు బాబూ ఈయన?" అన్నాడు. చెప్పాను. "ఓహో" అని గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయాడు. అంతే. ఆ "ఓహో" ఇప్పటికీ నా చెవిలోనే ఉంది.

మర్నాడు అదే మనిషి ఏట్లో కనపడ్డాడు. మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి కొణతం కడుగుతున్నాడు. కొణతమంటే నీకు తెలిసే ఉంటుంది, వీరుడి ఆయుధం. ఊరూరి నుంచీ ఆచారవంతులు, అంటే ఆ వీరుల్ని కొలిచేవాళ్ళు, భుజాన పెట్టుకుని తెస్తారే, అది. వాళ్ళకది ఆయుధం కాదు, సాక్షాత్తూ ఆ వీరుడే. చింతపండుతో తోముతున్నాడు, పసిపిల్లాడికి నలుగు పెట్టినట్టు, కొస దగ్గర ఒత్తకుండా, మడమ దగ్గర గట్టిగా. బొటనవేలి గోటి సందున పసుపు. మణికట్టు మీద మిరపచేల పని తాలూకు గీతలు. నేను గట్టున కూర్చుని ఆ చేతులొక్కటే గీశాను. ఆయుధం సగమే వచ్చింది, మొహం అసలు రాలేదు. నా బొమ్మల్లో అమ్ముడుపోకుండా నేను దాచుకున్నది అదొక్కటే.

నీకు చెప్పాల్సింది కూడా ఇంతే అనుకుంటా. యుద్ధాన్ని రాయకు. యుద్ధం నువ్వూ చూడలేదు, నేనూ చూడలేదు. ఆ మాటకొస్తే 1180 ప్రాంతంలో జరిగిందనే యుద్ధం గురించి, శ్రీనాథుడు రాశాడని చెప్పే ద్విపద కావ్యం 15వ శతాబ్దానిది. మధ్యలో 250 ఏళ్ళు ఎవరు మోశారు దాన్ని? వీరవిద్యావంతులు, పాడుకుంటూ. అంత గొప్ప కవికి కూడా కథ చెవి నుంచే రావాలి. నీకు కన్ను కూడా ఉంది, వాడుకో.

వీరుల తిరునాళ్ళ కార్తీక అమావాస్యకి మొదలై ఐదు రోజులు జరుగుతుంది ఇక్కడ. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు, రోజుకో పేరు. కోడిపందెంలో ఓడి మాచర్ల వాళ్ళు ఊరొదిలి పోవడం, తిరిగొచ్చి భాగం అడిగితే గురజాల ఇవ్వకపోవడం, అలరాజు రాయబారం, అతని చావు, ఇవన్నీ నువ్వు వరసగా నాలుగు పేజీలు చెప్పావు. పల్నాట్లో పిల్లలకి కూడా తెలిసిన కథ, నాలుగు వాక్యాలు చాలు. కానీ మందపోరు రోజుని ఒక్క ముక్కలో దాటేశావు! మాచర్ల మంత్రి బ్రహ్మనాయుడి చాపకూడు తలుచుకునే రోజది. అన్ని కులాల వాళ్ళూ ఒకే చాప మీద కూర్చుని తిన్నారన్న మాట 800 ఏళ్ళ తర్వాత కూడా జనం ఎందుకు పట్టుకుని ఉన్నారు? ఆ రోజు అన్నం ముద్ద చేతిలో పట్టుకున్నవాళ్ళ పక్కన కూర్చో. ఎవరు ఎవరి పక్కన కూర్చుంటారో, ఎవరు నిలబడిపోతారో చూడు. మాల కన్నమదాసుని సేనాపతిని చేసిన కథ చెప్పుకునే ఊళ్ళో ఇవాళ ఆ కథని ఎవరు గట్టిగా చెబుతారు, ఎవరు గొంతు తగ్గిస్తారు, అదీ చూడు.

బాలచంద్రుడి బొంగరం కూడా నీ కథలో లేదు. బొంగరం ఎగిరి ఒకామె కాలికి తగిలితే, అక్కడ మీవాళ్ళు యుద్ధానికి పోతే నువ్విక్కడ ఆటలాడుతున్నావా అని ఎత్తిపొడిచిందట. దాంతో కుర్రాడు కదిలాడు. అంత పెద్ద యుద్ధానికి ఒక పిల్లాడు పోవడానికి కారణం ఒక బొంగరం దెబ్బ, ఒక ఎత్తిపొడుపు. నువ్వు రాసిన గుర్రాలన్నీ కలిపినా దీనికి సరిపోవు.

నాగమ్మ దగ్గర మాత్రం నాకు కోపం వచ్చింది. కళ్ళు ఎర్రగా, నవ్వు విషంగా, ఏంటమ్మా ఇది? ఆ కాలంలో ఒక ఆడమనిషి గురజాలకి మంత్రి అయి రాజ్యం నడిపింది, పాడినవాళ్ళు ఎక్కువమంది అవతలి పక్షం. కనీసం నువ్వన్నా ఆమె కూర్చున్న చోటు నుంచి ఒక పూట చూడాల్సింది. ఇప్పటికీ రెండు వర్గాలు కర్రలు పట్టుకుంటే చాలు, పేపర్లో "పల్నాటి యుద్ధం" అని హెడ్డింగు పడుతుంది. మనం కూడా అదే చేస్తే ఎలా?

ఆరో పేజీలో, నాపరాళ్ళ మీద మిరపకాయలు ఎండబోస్తూ మీ అమ్మమ్మ "ఈ చేలో కత్తిముక్క దొరికిందని మా నాయన దాన్ని కొడవలి కొట్టించాడు" అంటుంది. ఆ వాక్యం కింద రెండు గీతలు గీశాను. అది నిజంగా జరిగిందో, నువ్వు కల్పించావో నాకు అక్కర్లేదు. అక్కడి నుంచి మొదలుపెట్టి మళ్ళీ రాయి. ముందు ఐదు పేజీలూ నా దగ్గరే ఉంచుకున్నాను, అడిగినా ఇవ్వను.

అమావాస్యకి ముందురోజే వచ్చెయ్. తర్వాత బస్సుల్లో నిలబడ్డానికి కూడా చోటుండదు. మీ పిన్ని వంట గురించి టెన్షన్ పడకు, ఈమధ్య కారం తగ్గించింది. వచ్చేటప్పుడు 4బి పెన్సిళ్ళు అరడజను పట్రా, ఇక్కడ దొరకట్లేదు.

మీ మాస్టారు