చెక్కబొగ్గా, కట్టెబొగ్గా?

సందేహం: మాది కోనసీమ. మా ఊళ్లో కొబ్బరిచిప్పలు కాల్చి బొగ్గు చేసి అమ్ముతారు. ఈమధ్య అచ్చువేయించిన సంచుల మీద 'చెక్క బొగ్గు కన్నా ఎక్కువసేపు మండుతుంది' అని రాయించారు. మా ఇంట్లో పెద్దవాళ్లు చూసి 'చెక్కబొగ్గేమిటి, కట్టెబొగ్గు అనాలి' అన్నారు. పిల్లల సైన్సు పుస్తకంలో చూస్తే 'కొయ్యబొగ్గు' అని ఉంది. వీటిలో ఏది సరి? కర్ర, కట్టె, కొయ్య, చెక్క, కలప అన్నీ ఒకటి కావా? బొగ్గు 'మండుతుంది' అనవచ్చా?

సమాధానం: మీ పెద్దవాళ్ల మాట సరైనది. కట్టెబొగ్గు, కర్రబొగ్గు, కొయ్యబొగ్గు మూడూ మంచి తెలుగే. ఇంట్లో మొదటి రెండూ వినిపిస్తాయి, మూడోది పుస్తకాల్లో స్థిరపడింది. 'చెక్కబొగ్గు' మాత్రం చెవికి ఇమడదు. ఎందుకు ఇమడదో తెలియాలంటే మీ రెండో ప్రశ్న దగ్గర మొదలుపెట్టాలి.

చెట్టు నుంచి వచ్చే గట్టి పదార్థానికంతటికీ సరిపోయే ఒక్క మాట వాడుక తెలుగులో లేదు. 'దారువు' ఉంది గానీ అది సంస్కృతం. వృక్షశాస్త్రం పాఠాల్లో నీటిని పైకి మోసే కణజాలానికి పేరుగా నిలిచింది. వాడుకలో మనం ఆ పదార్థం ఏ రూపంలో ఉందో, ఏ పనికి పోతుందో చూసి పేరు పెట్టాం. నరికి కొమ్మలు కొట్టేస్తే దుంగ. పొట్టిగా, లావుగా ఉంటే మొద్దు. ఇంటికో పడవకో సామానుకో పనికొచ్చేది కలప. పొయ్యిలోకి పోయేది కట్టె, మన డెల్టాలో ఎక్కువగా పుల్ల. సన్నగా పొడుగ్గా చేతికి అందేది కర్ర. సరుగుడు తోట కొట్టినప్పుడు చూడండి: పందిరికి నిలబెట్టేవి సరుగుడు కర్రలు, అదే చెట్టు కొసలు పొయ్యిలోకి వస్తే సరుగుడు పుల్లలు. చెట్టు ఒకటే, నరికిన రోజూ ఒకటే. పని మారింది కాబట్టి పేరు మారింది.

'కర్ర' అనే మాట మన వైపు ఇంకొంచెం విస్తరించింది. భద్రాచలం అడవుల నుంచి టేకు, వెదురు తెప్పలు కట్టి గోదావరి మీద రాజమండ్రికి దించిన కాలం ఒకటి ఉంది. అలా దిగిన సరుకు అమ్మే చోటు కర్రల అడితి. అక్కడ 'టేకు కర్ర', 'వేప కర్ర' అంటే చేతికర్ర కాదు, కలప అనే అర్థం. అందువల్ల 'కర్రబొగ్గు' కూడా సహజంగా పుట్టింది. వ్యాకరణం వైపు ఒక గుర్తు చెబుతాను: కట్టెలు, కర్రలు, చెక్కలు, దుంగలు అంటాం గానీ 'కలపలు' అనం. కలప రాశిని చెప్పే మాట, బియ్యం కొలిచినట్టు కొలుస్తాం. 'పది కలపలు కొన్నారు' అని ఎక్కడైనా చూస్తే అది అనువాదం తెచ్చిన తప్పు.

ఇక చెక్క. ఇది 'చెక్కు' అనే క్రియకు తోబుట్టువు. కొబ్బరికాయ పగిలితే కొబ్బరిచెక్క, నిమ్మకాయ కోస్తే నిమ్మచెక్క, చెట్టు బెరడు ఒలిస్తే దాల్చినచెక్క, నూనె ఆడగా మిగిలింది వేరుశనగ చెక్క, వేళ్లకు తగిలించి వాయించేవి భజన చెక్కలు. అన్నిటిలోనూ రెండు లక్షణాలు కనబడతాయి: పెద్దదాని నుంచి విడివడటం, పలకలాగానో సగంగానో ఉండటం. దుంగ రంపాన పడి పలకలైతే చెక్కలు. వాటితో చేసింది చెక్కపెట్టె, చెక్కకుర్చీ. ఇదంతా చక్కని ప్రయోగం. బొగ్గు చేయడానికి ఎవరూ పలకలు కోసి కాల్చరు. తుమ్మ మొద్దులూ సరుగుడు కట్టెలూ కాలుస్తారు. అందుకని 'చెక్కబొగ్గు' అనగానే తలుపురెక్క కాల్చిన బొగ్గేమో అనిపిస్తుంది. ఇంగ్లీషువాళ్లు 'వుడ్' అనే ఒక్క మాటతో గడుపుకునే చోటల్లా మనవాళ్లు 'చెక్క' పెట్టడం అలవాటైంది. 'చెక్కతో వంట చేస్తారు' అనే వాక్యాలు అలాగే వస్తున్నాయి. వంట కట్టెలతో చేస్తారు, పుల్లలతో చేస్తారు. వాటికి 'వంటచెరకు' అనే నిండైన మాట ఉండనే ఉంది. ఈ మాటలు ఒక్కొక్కటే జారిపోతుంటే వాటితోపాటు పదార్థాన్ని విడమరిచి చూసే చూపు కూడా పోతుందని నా బాధ.

ఆ చూపు ఎంత నిశితమో 'పచ్చి', 'తడి' అనే రెండు మాటల్లో తెలుస్తుంది. వానలో తడిసిన ఎండుకట్టె తడికట్టె. రెండు ఎండలు కాస్తే సరిపోతుంది. చెట్టు నుంచి అప్పుడే కొట్టింది పచ్చికట్టె. దాని బరువులో సగం దాకా నీరే ఉంటుంది, ఆరడానికి నెలలు పడుతుంది. పొయ్యిలో పెడితే కోసిన మొన దగ్గర చుయ్యిమంటూ నురగ కక్కుతుంది. మంట వేడిలో చాలా భాగం ఆ నీటిని ఆవిరి చేయడానికే పోతుంది కాబట్టి అన్నం ఉడకదు, ఇల్లంతా పొగ. ఎండే తీరు కూడా తెలుసుకోదగ్గది. మొదట గొట్టాల్లాంటి కణాల బోలులోని నీరు పోతుంది. అప్పుడు బరువు తగ్గుతుందే తప్ప కొలత తగ్గదు. నీరు పొడికర్ర బరువులో సుమారు 30 శాతానికి దిగాక కణాల గోడల్లోని నీరు కదులుతుంది, కర్ర కుదించుకోవడం మొదలవుతుంది. పొడుగున దాదాపు ఏమీ తగ్గదు. నడిమి నుంచి బెరడు వైపుకు తగ్గేదానికన్నా, కోత ముఖాన కనిపించే గుండ్రటి వలయాల వెంట తగ్గేది ఇంచుమించు రెట్టింపు. దుంగ కోత ముఖాన బండిచక్రపు ఆకుల్లా నడుమ నుంచి అంచుకు బీటలు పడటానికి కారణం ఈ తేడాయే. పలక వంగడానికీ, గుమ్మం మెలి తిరగడానికీ అదే కారణం. శ్రావణంలో గాలిలోని చెమ్మ పీల్చి తలుపు బిగుసుకుపోతే మనం 'ఉబ్బింది' అంటాం, 'పొంగింది' అనం. పాలు పొంగుతాయి, తలుపు ఉబ్బుతుంది.

'చేవ' గురించి మీరు అడగలేదు గానీ, కర్ర మాటల్లో అంత ఇష్టమైనది నాకు ఇంకొకటి లేదు. ముదిరిన టేకు దుంగను కోస్తే నడుమ ముదురు రంగు, బెరడు కింద లేత రంగు కనిపిస్తాయి. ఆ నడిమిది చేవ. లేత రంగు భాగం చెట్టుకు నీరు మోస్తూ, పిండిపదార్థం నిల్వ చేసుకుంటూ ఉంటుంది. పురుగుకు అదే తిండి. చేవలో ఆ పని ఆగిపోయి, చెట్టు తయారుచేసుకున్న చేదు, వగరు పదార్థాలు నిండి ఉంటాయి, కాబట్టి చెద అంత త్వరగా ముట్టదు. మనిషి బలానికి 'చేవ' అనడం, 'చేవ చచ్చింది' అనడం ఇక్కడి నుంచే. డెల్టాలో మాత్రం ఒక తిరకాసుంది. తాడి, కొబ్బరి చెట్లకు వలయాలు లేవు, నడిమి చేవ లేదు. వాటి గట్టిదనం బెరడు వైపున, అందులోనూ మొదలు దగ్గర ఎక్కువ, నడుమ మెత్తన. తాటిమాను చీల్చి లోపలిది తోడేస్తే మిగిలే పైభాగమే వాసమూ, దూలమూ, దోనే. తాటి విషయంలో 'చేవ' అంటే బెరడు వైపున్న ఆ గట్టిభాగం అని అర్థం చేసుకోవాలి.

ఇప్పుడు బొగ్గు. కట్టెను గాలి తగలనీయకుండా కాలిస్తే మిగిలేది బొగ్గు. బట్టీలో కట్టెలు దగ్గరగా పేర్చి, పైన గడ్డి, ఆకులు పరిచి, మట్టి కప్పి, అడుగున కొద్దిపాటి కన్నాలు ఉంచి అంటిస్తారు. మొదట దట్టంగా తెల్లటి పొగ వస్తుంది, అది చాలావరకు నీటి ఆవిరి. సుమారు 280 డిగ్రీలు దాటాక కట్టె తనంతట తానే విడిపోతూ వేడి పుట్టిస్తుంది, పొగ పసుపు రంగుకు తిరిగి ఘాటెక్కుతుంది. పొగ పలచబడి నీలంగా మారగానే కన్నాలన్నీ మెత్తాలి. ఆలస్యమైతే బొగ్గు బూడిదవుతుంది, తొందరపడితే కట్టె నడుమ సరిగా కాలదు. పూర్తిగా చల్లారకుండా బట్టీ విప్పితే గాలి తగిలి మొత్తం రాజుకుంటుంది. మట్టి బట్టీలో ఎండుకట్టె బరువుకు అయిదో వంతు బొగ్గు చేతికొస్తే మంచి దిగుబడి. పూర్తిగా కాలిన బొగ్గు నల్లగా మెరుస్తుంది, విరిస్తే కట్టె వలయాలు అలాగే కనిపిస్తాయి, ఒకదానితో ఒకటి తగిలితే ఖంగుమంటుంది. గోధుమరంగు తిరిగి, మొద్దుగా మోగేది పచ్చిబొగ్గు. కుంపట్లో పెడితే పొగ చిమ్ముతుంది. మళ్లీ ఆ 'పచ్చి'యే చూడండి: ఇక్కడ నీటి తడి కాదు, కాలుడు తక్కువని.

బొగ్గు 'మండుతుంది' అనవచ్చా? అర్థం కాకపోదు గానీ, మన భాషలో అంతకన్నా సరైన మాటలున్నాయి. కట్టె వేడెక్కినప్పుడు వెలువడే వాయువులు అంటుకుంటేనే మంట. బొగ్గులో ఆ వాయువులు బట్టీలోనే పోయాయి. మిగిలింది చాలా వరకు కర్బనం. అది ఉన్నచోటే ఎర్రబడుతుంది. అందుకే కట్టె మండుతుంది, బొగ్గు రాజుకుంటుంది. కట్టెది మంట, బొగ్గుది సెగ. కుంపటి రాజేసేటప్పుడు చూస్తే ఇది కళ్లకు కడుతుంది. అడుగు గూట్లో బూడిద తీసేసి, కొబ్బరి పీచు కాస్త పెట్టి, దాని మీద చిన్న బొగ్గులు, పైన పెద్దవి పేరుస్తారు. పీచు మండి ఆరిపోతుంది. ఒక బొగ్గు అంచున ఎర్రటి చుక్క పడుతుంది. విసనకర్రతో మెల్లగా విసిరితే ఆ చుక్క పక్కదానికి పాకుతుంది. ఆ క్షణం నుంచి అది బొగ్గు కాదు, నిప్పు. విసరడం ఆపితే దాని మీద బూడిద పలచగా కప్పుకుంటుంది, అది నివురు. నివురు గాలిని అడ్డుకుంటుంది కాబట్టి నిప్పు నెమ్మదిస్తుంది, ఎక్కువసేపు నిలుస్తుంది. ఆరిపోతే మళ్లీ బొగ్గు, అయిపోతే బూడిద. ఒకే వస్తువు స్థితి మారగానే పేరు మారింది. ఇందులో ఏ మాట స్థానంలోనూ ఇంకో మాట కుదరదు.

గని నుంచి తవ్వేది రాక్షసిబొగ్గు, పత్రికల్లో నేలబొగ్గు. విడిగా 'బొగ్గు' అంటే సింగరేణి వైపు ఆ అర్థమే ముందు తోస్తుంది కాబట్టి అమ్మే సరుకు మీద 'కట్టె' అనో 'చిప్ప' అనో ముందు చేర్చడం అవసరం.

మీ కొబ్బరిచిప్ప బొగ్గు కట్టెబొగ్గు కన్నా గట్టిది, బరువైనది; కుంపట్లో నిలవడానికి అదే కారణం. దాని రంధ్రాలు చాలా సన్నవి. 800 డిగ్రీలకు పైన నీటి ఆవిరి పట్టిస్తే ఆ రంధ్రాలు ఇంకా విచ్చుకుని, ఒక్క గ్రాములో వెయ్యి చదరపు మీటర్ల ఉపరితలం ఏర్పడుతుంది. నీళ్ల ఫిల్టర్లలో వాసన, రంగు పట్టేసే యాక్టివేటెడ్ కార్బన్ అదే. దీనికి 'ఉత్తేజిత కర్బనం' అని పుస్తకాల్లో రాస్తారు. అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ యాక్టివేటెడ్ కార్బన్ అనే అంటున్నారు, అలాగే రాయండి. మాట బలవంతంగా మార్చనక్కర్లేదు.

సంచి మీద వాక్యం ఇలా ఉంటే బాగుంటుంది: 'కొబ్బరిచిప్ప బొగ్గు. కట్టెబొగ్గు కన్నా నిప్పు ఎక్కువసేపు నిలుస్తుంది.' సరుకు పేరు కాబట్టి ఏకవచనం చాలు. 'నాలుగు బొగ్గులు వెయ్యండి' అన్నప్పుడే బహువచనం. దాని కింద ఇంకో వాక్యం పెద్ద అక్షరాల్లో తప్పకుండా వేయించండి. పొగ రాకపోతే ప్రమాదం లేదనుకుంటారు. రాజుకున్న బొగ్గు నుంచి రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. 'తలుపులు మూసిన గదిలో కుంపటి పెట్టకండి' అని రాయించండి. 'సరైన వాయుప్రసరణ గల ప్రదేశమందు వినియోగించవలెను' అని మాత్రం వద్దు, అది చదివి ఎవరూ కిటికీ తెరవరు.