పెండలం కాఫీ, కొబ్బరిపాల కాఫీ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: అమలాపురంలో మా వీధి మొగలో చిన్న కాఫీ షాపు నడుపుతున్నాం. ఫిలిప్పీన్స్‌వాళ్ల ఊబే లాటే పెడదామని ఊదారంగు పెండలం తెచ్చి చేస్తే రంగు బూడిదలా మారుతోంది. గ్లాసు అడుగున పలుకులు మిగులుతున్నాయి. కారణమేమిటి?

జవాబు: ఊబే అంటే ఊదా పెండలమే, దుంప విషయంలో పొరపాటేమీ లేదు. కర్రపెండలం మాత్రం వేరు. అది పచ్చిగా విషం, రంగూ రాదు.

ముక్కలు కోసి ఉడికిస్తున్నారేమో చూడండి. కోసిన ముక్కకు గాలి తగిలితే నల్లబడుతుంది, ఊదా రంగు నీళ్లలోకి దిగిపోతుంది. దుంపను కడిగి, తొక్కతోనే ఆవిరి మీద పుల్ల గుచ్చితే దిగేదాకా ఉడికించి, చల్లారాక తొక్క తీయండి. చేతులకు దురదా ఉండదు. త్వరగా ఉడకాలని వంటసోడా వేస్తే ఊదా రంగు నీలంలోకో పచ్చలోకో తిరుగుతుంది. ఇనప మూకుడులో కలిపినా నల్లబడుతుంది, స్టీలుదో నాన్‌స్టిక్కో వాడండి.

మెదిపిన పెండలం 500 గ్రాములకు చిక్కటి కొబ్బరిపాలు 250 మి.లీ., కండెన్స్‌డ్ మిల్క్ 200 గ్రాములు, వెన్న 30 గ్రాములు, చిటికెడు ఉప్పు. సన్నసెగ మీద అరగంట పైగా, గరిటెకు అంటకుండా ముద్ద కట్టేదాకా తిప్పాలి. దీన్ని వాళ్లు హలయా అంటారు. ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులుంటుంది.

ఇక పలుకుల సంగతి. చల్లబడిన పెండలంలో పిండి బిగుసుకుంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన ముద్దను చల్లటి పాలల్లో వేసి ఎంత గిలకొట్టినా కరగదు. 30 గ్రాముల ముద్దను 40 మి.లీ. వేడిపాలతో మిక్సీ పట్టి, వడగట్టి గ్లాసు అడుగున పోయండి. పైన ఐసు, 120 మి.లీ. చల్లటి పాలు, చివర చెంచా వెనకవైపు మీదుగా 30 మి.లీ. చిక్కటి డికాషన్. ముందే అంతా కలిపేస్తే ఎంత మంచి పెండలమైనా బురదరంగే. కలుపుకోవడం తాగేవాళ్లకి వదిలేయండి.

ప్రశ్న: కొబ్బరిపాలు కాఫీలో పోస్తే విరుగుతున్నాయి. ఐసు కాఫీలో అయితే తెల్లటి నలకలు తేలుతున్నాయి. పాలు చెడ్డాయా?

జవాబు: ఈ రెంటికీ కారణాలు వేరు. వేడి కాఫీలో విరగడం మరుగు వల్ల, కాఫీలోని పులుపు వల్ల. డికాషన్ పొగలు తగ్గాక, మొదటిసారి పిండిన చిక్కటి పాలు చివర్లో పోసి, మళ్లీ పొయ్యి మీద పెట్టకండి. లేత వేపుడు గింజల్లో పులుపు ఎక్కువ. ముదురు వేపుడు, కాస్త చికోరీ కలిసిన మన పొడే దీనికి నప్పుతుంది.

ఐసులో తేలే నలకలు గడ్డకట్టిన కొబ్బరినూనె. చలికాలం పొద్దున్నే సీసాలో నూనె పేరుకోవడం మన ఇళ్లలో చూసేదే. కొబ్బరిపాలకు సమంగా గేదెపాలు కలిపి మిక్సీలో ఒక తిప్పు తిప్పితే చాలావరకు తగ్గుతుంది. తాజా కొబ్బరిపాలు వేసవిలో బయట గంటల్లోనే పులుస్తాయి. పొద్దున పిండినవి ఫ్రిజ్‌లో పెట్టి సాయంత్రానికి ముగించండి, మిగిలితే పారబోయండి.

పండాన్ అనే సువాసన ఆకు వాసన కావాలంటే కడియం నర్సరీల్లో బాస్మతి వాసన వచ్చే ఆకు మొక్క అని అడగండి. ఒక ఆకు ముడివేసి బెల్లం పాకంలో మరిగిస్తే సరి. మొగలి దీనికి చుట్టమే, కానీ ఆ వాసన వేరు.

ప్రశ్న: ఫిలిప్పీన్స్‌వాళ్ల సాగో-గులామాన్‌లో (సగ్గుబియ్యం, జెల్లీ ముక్కలు వేసిన చల్లటి తీపి పానీయం) వేసే సగ్గుబియ్యం మాకు రబ్బరులా అవుతోంది.

జవాబు: ఫ్రిజ్‌లో పెడుతున్నారన్నమాట. సగ్గుబియ్యం నానబెట్టకుండా, ఎనిమిది రెట్ల మరిగే నీళ్లలో వేసి, మధ్యలో తెల్లచుక్క మిగిలేదాకా ఉడికించి, మూతపెట్టి పది నిమిషాలు ఉంచండి. చన్నీళ్లతో కడిగి బెల్లం పాకంలో వేసి బయటే ఉంచండి, నాలుగైదు గంటల్లో వాడేయాలి. జెల్లీకి అర లీటరు నీళ్లకు 5 గ్రాముల చైనాగ్రాస్ పొడి చాలు. ఎండాకాలంలో బల్లమీద పెట్టినా కరగదు. బెల్లాన్ని వేడిపాలల్లో మాత్రం వేయకండి, విరుగుతాయి.

ప్రశ్న: కుర్రాళ్లు వస్తున్నారు, వీధిలో పెద్దవాళ్లు గుమ్మం తొక్కడం లేదు.

జవాబు: బోర్డు మీద మొదటి వరస మామూలు ఫిల్టర్ కాఫీకివ్వండి. ఊబే లాటే అని కాకుండా పెండలం కాఫీ అని రాయండి, 100 మి.లీ. చిన్న గ్లాసు కూడా పెట్టండి. బయట నీడలో బెంచీ, రెండు పేపర్లు వేయండి. పెరట్లో ఊదా పెండలం, కొబ్బరి ఉన్న ఇళ్ల దగ్గరే కొని, కిలో ధర బోర్డు మీద రాయండి. దుంపలు అమ్మడానికి వచ్చిన మనిషికి ఓ చిన్న గ్లాసు రుచి చూపిస్తే ఆ మధ్యాహ్నానికల్లా వీధంతా తెలుస్తుంది. పెండలం సంక్రాంతి రోజుల్లో బాగా దొరుకుతుంది కాబట్టి అప్పుడే ఎక్కువ కొని, ఉడికించి మెదిపి, అరకిలో పొట్లాలుగా డీప్‌ఫ్రీజ్‌లో పెట్టుకోండి.