మా ఆవిడ ఇంటిపట్టున ఉండటం లేదు

ప్రశ్న: మాది మెదక్ జిల్లాలో ఒక పల్లె. పెళ్ళై పద్నాలుగేళ్ళు, ఇద్దరు పిల్లలు. ఎక్కడికి పోవాలన్నా ఇన్నాళ్ళూ మా ఆవిడను నా బండి మీదే తీసుకెళ్ళేవాణ్ణి. ఫ్రీ బస్సు వచ్చినప్పటి నుంచి ఆధార్ కార్డు పట్టుకుని వారానికోసారైనా తల్లిగారింటికో, గుడికో బయల్దేరుతోంది. బస్సుల్లో మగవాళ్ళకు నిలబడే చోటు కూడా లేదు. 'మీ ఆమె బస్సులోనే కాపురం పెట్టిందా' అని ఊళ్ళో ఎగతాళి. ఆ పూట అమ్మకు అన్నం పెట్టేవాళ్ళుండరు. అమ్మ కన్నీళ్ళు పెట్టుకుంటోంది. అమ్మ మాట కాదనలేను. (ఇంతకుముందు తలనొప్పి, నిద్ర పట్టదు అంటే చాలామంది డాక్టర్లకు చూపించాను. ఇప్పుడా గోల లేదు. మందులు కూడా తనే మానేసింది.) ఇలా తిరగాలనిపించడం మానసిక జబ్బా? ఎలా మాన్పించాలి?
- ఒక పాఠకుడు

జవాబు: జబ్బు కాదు. మాన్పించే ఉపాయం నన్నడగొద్దు.

అసలు సంగతిని మీరు బ్రాకెట్లలో పెట్టి వదిలేశారు. స్కానింగుల్లో ఏమీ తేలని తలనొప్పి, తెల్లవార్లూ పట్టని నిద్ర. ఇలాంటి బాధలతో వచ్చే ఆడవాళ్ళను నేను తరచూ చూస్తుంటాను. కాస్త మాట్లాడిస్తే చాలు, 'అమ్మకు బాగాలేదని తెలిసి కూడా పోలేకపోయానండీ' అని బయటపడతారు. మీ ఆవిడకు తల్లిని చూడాలనిపిస్తే మీకు తీరిక ఉండాలి, బండిలో పెట్రోలు ఉండాలి, మీ అమ్మగారి ముఖం ప్రసన్నంగా ఉండాలి. ఇవన్నీ ఒక్క రోజున కలిసిరావడానికి ఎన్ని పండగలు దాటిపోయేవో ఆమెకే తెలుసు. అడిగి అడిగి, చివరికి అడగడమే మానేసిన మనిషికి తలనొప్పి రాక ఏమొస్తుంది?

2023 డిసెంబరు 9 నుంచి ఆ అవస్థ తప్పింది. పల్లెవెలుగు ఎక్కి కార్డు చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ చేతిలో పెడతాడు. చార్జీకి మీ ముందు చెయ్యి చాచక్కర్లేదు. పక్క సీట్లో ఎవరో మందుల సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటారు, దిగేలోపు ఒకరి కష్టం ఒకరు చెప్పుకుంటారు. ఆ నాలుగు మాటలకు మనసు ఎంత తేలికపడుతుందో ఇంట్లో గోడలతో మాట్లాడుకున్నవాళ్ళకు తెలుస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో బజారుకు, ఆస్పత్రికి, ఊరి బయటికి ఒంటరిగా పోనిస్తారా అని ఆడవాళ్ళను అడిగారు. మూడింటికీ పోనిస్తారన్నది నూటికి 42 మందే.

మగవాళ్ళకు చోటు లేదన్న ఫిర్యాదు నిజమే, బస్సులు పెంచాలి. ఆ ఉత్తరం ఆర్టీసీకి రాయండి.

ఇక మీ అమ్మగారి సంగతి. ఆ పూట ఆమెకు అన్నం పెట్టేవాళ్ళు లేరంటున్నారు. మరి మీరేమయ్యారు? కన్నతల్లికి కంచంలో ఇంత వడ్డించే బాధ్యత కోడలు రాకముందు నుంచీ మీదే. భార్య చేత చాకిరీ చేయించి 'అమ్మను బాగా చూసుకుంటున్నాను' అనుకునే కొడుకుల మీద నాకు గౌరవం లేదు, ఆ మాట దాచుకోను. మీకు మీ అమ్మ ఎలాగో ఆమెకు వాళ్ళ అమ్మ అలాగే. మీరు తల్లి మాట కాదనలేక, ఆమెను తన తల్లికి దూరం చేయాలని చూస్తున్నారు. 'అమ్మా, ఆమె పోయొస్తుంది, నేనున్నాను కదా' అని మీ నోటితో మీరే చెప్పాలి. చెప్పడానికి భయపడుతున్నారు, అందుకే భార్యకు జబ్బు ఉందేమోనని వెతుకుతున్నారు.

మీ అమ్మగారివి దొంగ ఏడుపులని నేననను. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో పుట్టింటికి ఏడాదికెన్నిసార్లు పోగలిగిందో, వాళ్ళమ్మ పోయినప్పుడు కడచూపుకైనా అందిందో లేదో ఎప్పుడైనా అడిగారా? తనకు దక్కనిది కోడలికి ఇంత తేలిగ్గా దక్కుతుంటే ఏ మనసైనా చివుక్కుమంటుంది. పక్కన కూర్చుని అడగండి, చెప్పనివ్వండి. బస్సు ఆమెకూ ఫ్రీయే. మోకాళ్ళు సహకరిస్తే ఈసారి గుడికి అత్తాకోడళ్ళను కలిపి పంపండి.

మందుల విషయం మాత్రం అశ్రద్ధ చేయొద్దు. నిద్రకు, మనసుకు ఇచ్చే మందులు కొన్నింటిని ఒక్కసారిగా ఆపితే ఇబ్బంది వస్తుంది. ఇప్పుడు బాగున్నా సరే, రాసిచ్చిన డాక్టరును ఒకసారి కలిసి మానేసిన సంగతి చెప్పమనండి. ఊళ్ళోవాళ్ళ ఎగతాళికి మీకే నిద్ర పట్టకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు, అదీ ఫ్రీయే.