చిట్టా పుస్తకాలు ముందు చదువు

చిరంజీవికి ఆశీస్సులు.

రేవు వ్యాపారంలో కోట్లు గడించిన ఆ పెద్దాయన అచ్చుకాని స్వీయచరిత్రను, డైరీలను, ఉత్తరాలను ఇంటివారు నీకు అప్పగించారనీ, భాష దిద్ది కుదించి ఇమ్మన్నారనీ రాశావు. స్వీయచరిత్రతో మొదలుపెట్టకు. ముందు ఆయన ఏ రోజుకారోజు జమాఖర్చు రాసుకున్న చిట్టా పుస్తకాలు చదువు.

డెబ్బై దాటాక రాసుకునే జీవితకథలో వ్యాపారి తన గెలుపు మొదటినుంచీ తెలిసినవాడిలా మాట్లాడతాడు. ఏ పూటకాపూట రాసుకున్న జమాఖర్చులో మాత్రం రేపేమవుతుందో తెలియని మనిషి కనిపిస్తాడు. 1942 ఏప్రిల్ 6న మన విశాఖ రేవు మీద జపాన్ విమానాలు బాంబులు వేసినప్పుడు జనం మూటాముల్లె సర్దుకుని ఊరు విడిచారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం సైతం ఆ ఏడాది గుంటూరుకు తరలింది. చాలా ఏళ్ల కిందట నేను పరిష్కరించిన ఒక షావుకారు రాతప్రతిలో, ఆ రోజుల్లో తాను కొట్టు వదిలి కదలలేదని ఉంది. అదే నెల చిట్టాలో రెండెడ్ల బండి కిరాయి, పల్లెలో ఇంటికి ఇచ్చిన బయానా, వాటి కింద సిరా అలికిన అక్షరాలతో ‘పిల్లకు పాలు’ అని ఒక పద్దు ఉన్నాయి. ఇంటివారు వద్దన్నారని ఆ సంగతి ఎత్తకుండానే పుస్తకం అచ్చు వేయించాను. ఆయన చెప్పుకున్న ధైర్యం కన్నా ఆ పాల పద్దే నాకు ఆయనను ఆప్తుణ్ణి చేసింది. దాన్ని పాఠకుడికి దక్కనివ్వనందుకు నేటికీ బాధపడుతున్నాను.

కనుక నీ పెద్దాయన మాట మార్చకు, చిట్టాను దాచకు. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఏది ఎప్పుడు రాసిందో చెప్పు. హుండీ (డబ్బు చెల్లింపు పత్రం), బయానా, దస్తూరి (కమీషన్) వంటి ఆయన వ్యాపారపు మాటలను అలాగే ఉంచు.

హక్కుల సంగతి ముందే రాతమూలకంగా తేల్చుకో. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, అచ్చుకాని రాతప్రతిని వీలునామాలో ఎవరికి ఇస్తే, అందులో మరో ఉద్దేశం కనిపించనంతవరకు, ఆయనకున్న ప్రచురణ హక్కు కూడా వారికే వెళుతుంది. ఆయనకు వచ్చిన ఉత్తరాల విషయం వేరు: కాగితం ఈ ఇంటిదైనా, అందులోని రచన మీద హక్కు మామూలుగా రాసినవారిదే, వారి తదనంతరం వారి వారసులది. ఇంటివారి అనుమతి ఒక్కటే చాలదు.

మన సముద్రపు గాలికి చెమ్మపట్టి అంటుకున్న పేజీలను వేళ్లతో విడదీయకు. విడివిడిగా ఉన్నవాటికి ముందు ఫోటోలు తీసి, ఆదివారం మొదటి చిట్టా పట్టుకుని పెదవాల్తేరు రా. ఆయన చేతిరాతకు కళ్లు అలవాటు పడేవరకు కలిసి చదువుదాం.