బుజ్జి సైకిల్ ట్యాంకు గురించి

చిరంజీవి బుజ్జికి మామయ్య ఆశీస్సులు.

సైకిల్‌కి కొత్త ఫ్రేము వెల్డింగ్ చేయించావనీ, రెండు పైపుల మధ్య మోటార్‌సైకిల్ లాంటి ట్యాంకు పెడతావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆవిడకేమో కోపం, నాకేమో లోపల సంబరం. "ఫైబర్‌తో చేస్తాడటరా" అనేసరికి సంబరం కాస్తా గుబులైంది.

ఈ సోకు కొత్తదేం కాదులే. 1930లలోనే అమెరికాలో ష్విన్ కంపెనీ పిల్లల సైకిళ్ళకి రేకు ట్యాంకులు తగిలించింది. అందులో పెట్రోలు కాదు, హారనూ దాని బ్యాటరీలూ ఉండేవి. నీదీ అంతే, ఉత్త డొల్ల. రేపెప్పుడో ఇంజన్ కిట్ తగిలించి ఇందులో పెట్రోలు పోద్దామనుకుంటున్నావేమో, ఆ ఆలోచన ఇప్పుడే మానుకో. ఫైబర్ అంటే గాజు పీచు, దాన్ని పట్టి ఉంచే గట్టిపడే జిగురే రెజిన్. ఇథనాల్ కలిసిన పెట్రోలు ఈ రెజిన్‌ని మెత్తబెట్టి కారుస్తుంది.

ముందు అట్ట కత్తిరించి ఫ్రేములో పెట్టి చూడు. చుట్టూ 3 మిల్లీమీటర్ల సందు వదులు, అక్కడ పాత ట్యూబు ముక్క అతికించాలి. వెడల్పు 7, 8 సెంటీమీటర్లు దాటనీయకు. అట్టకి రెండు పక్కలా థర్మోకోల్ అంటించి, సీటెక్కి పెడల్ తొక్కి చూడు. మోకాలు ఎక్కడ తగిలితే అక్కడ చెక్కెయ్.

ఇక అసలు సంగతి. షాపువాడు నీకు మూడు ఇస్తాడు: తేనెలా చిక్కటి రెజిన్, గట్టిపడటాన్ని తొందరచేసే ఊదారంగు కోబాల్ట్, దాన్ని గట్టిపరిచే, నీళ్ళలా కనిపించే హార్డెనర్. కోబాల్టూ హార్డెనరూ నేరుగా ఎప్పుడూ కలవకూడదు. కలిస్తే భగ్గుమంటుంది, సీసా పేలినా పేలుతుంది. కొత్తవాళ్ళు ఎప్పటినుంచో చేస్తున్న తప్పు ఇదే. "ఎలాగూ రెండూ రెజిన్‌లో పోసేవేగా" అని ఒకే మూతలో కొలుస్తారు. లేదంటే కోబాల్ట్ తీసిన సిరంజినే హార్డెనర్‌లో ముంచుతారు. అందుకని సూదిలేని సిరంజిలు రెండు కొని, ఒకదానికి ఎర్ర టేపు, ఒకదానికి నల్ల టేపు చుట్టు. సీసాల మీద పేర్లు నువ్వే రాసుకో, చాలాసార్లు పేరు లేని సీసాల్లోనే పోసిస్తారు. రెండింటినీ ఒకే సంచిలో తేవద్దు, ఒకే అరలో పెట్టొద్దు.

200 గ్రాముల రెజిన్‌కి ముందు 2 మిల్లీలీటర్ల కోబాల్ట్ పోసి, రంగు అంతటా ఒకేలా వచ్చేదాకా కలుపు. బ్రష్ చేతిలోకి తీసుకున్నాకే 2 మిల్లీలీటర్ల హార్డెనర్ పొయ్. మన ఎండలకి పది పదిహేను నిమిషాల్లో గట్టిపడటం మొదలవుతుంది. గుక్కెడు ఎక్కువ పోస్తే తొందరగా ఆరుతుందనుకోకు: వేడెక్కి పొగలొస్తాయి, పొర పగుళ్ళిస్తుంది. ముందే కోబాల్ట్ కలిపిన రెజిన్ కూడా అమ్ముతారు, అడిగి తెచ్చుకో.

హార్డెనర్ ఒక్క చుక్క కంట్లో పడితే చూపు పోవచ్చు బుజ్జీ. పడితే ఆగకుండా పదిహేను నిమిషాలు నీళ్ళతో కడిగి, నేరుగా కంటి ఆసుపత్రికి వెళ్ళు. మంట తగ్గిందని ఇంట్లో కూర్చోవద్దు. అందుకే పక్కన నిండు బకెట్ పెట్టుకోకుండా మూత తీయకు. నువ్వు చిన్నప్పటినుంచీ వినవు కాబట్టి ఇది రెండోసారి రాస్తున్నా: బకెట్.

రెజిన్ తగిలితే థర్మోకోల్ కరిగిపోతుంది, రెజిన్‌లో ఉండే స్టైరీన్ అనే ద్రావకం తినేస్తుంది దాన్ని. ఫెవికాల్‌తో న్యూస్‌పేపరు రెండు పొరలు అంటించి, ఆరాక పైన గోధుమరంగు ప్యాకింగ్ టేపు సందు లేకుండా చుట్టు. టేపుకి రెజిన్ అంటదు, కాబట్టి తర్వాత డొల్ల ఊడొస్తుంది. ఎపాక్సీ అనే ఇంకో రకం రెజిన్ అయితే థర్మోకోల్ కరగదు కానీ, దానికి చాప లాంటి ఫైబర్ మ్యాట్ సరిగా తడవదు, నేసిన గుడ్డ కావాలి. అమ్మేవాళ్ళు ఈ ముక్క చెప్పరు.

నీ సైజుకి 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకి 300 గ్రాముల) మ్యాట్ రెండు పొరలు, అర కిలో రెజిన్ సరిపోతాయి. కిలో కొను, సగం వృథా చేస్తావు. మ్యాట్‌ని కత్తెరతో కోయకుండా చేత్తో చింపు, చింపిన అంచు పక్క ముక్కలో కలిసిపోతుంది. ముక్కల్ని టేపు మీద పరిచి, రెజిన్‌ని బ్రష్‌తో రాయకు, పొడుస్తూ తడుపు. మ్యాట్ తెల్లగా ఉన్న చోట గాలి ఉన్నట్టే. ఒక రోజు ఆరనిచ్చి, హ్యాక్సా బ్లేడుతో మధ్యగీత మీద రెండు సగాలుగా కోసి, థర్మోకోల్ గీకెయ్. పాత అమెరికా ట్యాంకుల్లాగే రెండు సగాలనీ బోల్టులతో బిగించొచ్చు, లోపల లైటు బ్యాటరీ కూడా పెట్టుకోవచ్చు. అడుగున 6 మిల్లీమీటర్ల చిల్లు మర్చిపోకు, వాన నీళ్ళు అందులోంచే పోవాలి.

ఉపరితలం జిగటగా ఉంటే అసిటోన్‌తో తుడిచి, 80 నంబరు గరుకు కాగితంతో రుద్ది, ఆ తర్వాతే పుట్టీ, ప్రైమర్, రంగు. జిగట మీద పుట్టీ పెడితే పెచ్చులుగా లేచిపోతుంది. రుద్దేటప్పుడు మాస్కూ నిండు చేతుల చొక్కా. రెజిన్ వాసనకి ఆ దుమ్ము మాస్కు పనిచెయ్యదు, మేడ మీదే చెయ్.

బిగించడానికి ఫ్రేముకి చిల్లులు పెట్టించకు, ఆ పల్చటి పైపు చిల్లు దగ్గరే చీలుతుంది. రబ్బరు వేసిన క్లాంపులు చాలు.

నీ పవర్ అద్దాల మీదుగా పెట్టుకునే గాగుల్స్ కొరియర్‌లో పంపుతున్నా. ఎల్లుండికి అందుతాయి. అప్పటిదాకా అట్టతోనే ఆడుకో.

మీ మామయ్య