ఫైటు కూడా రాయాల్సిందే

ప్రశ్న: భారీ బడ్జెట్ యాక్షన్ సినిమా సిరీస్‌లకు జనం వెళ్ళేదే ఛేజింగుల కోసం, పేలుళ్ళ కోసం. వాటిలో కథాకథనాలు బాగాలేవని గొణగడం విమర్శకుల చాదస్తం కాదా?

జవాబు: మీరన్నదాంట్లో సగం నిజం. యాక్షన్ సినిమాకు పెద్ద కథ అక్కర్లేదు. 2015లో వచ్చిన ‘మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్’నే చూడండి. నియంత చెరలో ఉన్న స్త్రీలు ట్యాంకర్ ఎక్కి పారిపోతారు, చివరికి వెళ్ళిన దారినే వెనక్కి వస్తారు. అంతే కథ. మాటలూ తక్కువే. అయినా ఆరు ఆస్కార్లు వచ్చాయి. ‘అవన్నీ సాంకేతిక విభాగాల్లోవేగా’ అంటారేమో, ఒప్పుకుంటాం. కానీ ఆ సినిమాకు దాదాపు 3,500 స్టోరీబోర్డు బొమ్మలు (ఏ షాట్ ఎలా ఉండాలో ముందే గీసుకునేవి) గీశారు. అక్కడ రాత లేకపోలేదు, అక్షరాల బదులు బొమ్మల్లో ఉంది.

కథ చిన్నదైతే జనం పట్టించుకోరు. కథనం లేకపోతే మాత్రం పట్టేస్తారు, కాకపోతే దాని పేరు చెప్పలేరు. ‘ఫైట్లు మరీ ఎక్కువయ్యాయి’ అంటారు. అసలు జబ్బు ఫైట్ల లెక్కలో ఉండదు. ఫైటుకు ముందు ఉన్న పరిస్థితే ఫైటు తర్వాతా ఉండటంలో ఉంటుంది. పావుగంట కొట్టుకున్నారు, హీరో గెలిచాడు. కానీ అతని చేతికి కొత్తగా వచ్చిందేమీ లేదు, చేజారిందీ లేదు, తెలిసిందీ లేదు. అలాంటి సీక్వెన్స్‌ను పూర్తిగా ఎత్తేసినా తర్వాతి సీను నిక్షేపంగా అర్థమవుతుంది. రెండు సీన్ల మధ్య ‘ఆ తర్వాత’ అని మాత్రమే పెట్టగలిగితే అతుకు బలహీనం. ‘అందువల్ల’ అనో ‘అయితే’ అనో పెట్టగలిగితే గట్టిది.

‘డై హార్డ్’ (1988)ని ఇప్పటికీ కొందరు ఉత్త కాల్పుల సినిమాగానే జమకడతారు. ఆ రాత పనితనం చూడండి. విమానంలో పక్క సీటాయన, ప్రయాణ బడలిక పోవాలంటే బూట్లు విప్పి కాలివేళ్ళు ముడవమని హీరోకు సలహా ఇస్తాడు. అతను అదే చేస్తుండగా దాడి మొదలవుతుంది. అందువల్ల వట్టి కాళ్ళతోనే పారిపోతాడు. ఆ పాదాలు విలన్ కంట పడతాయి. అందువల్ల అద్దాలు కాల్చమంటాడు. గాజుపెంకుల మీద నడిచిన మనిషి బాత్‌రూమ్‌లో కూలబడి, నెత్తురోడుతున్న కాళ్ళతో, వైర్‌లెస్‌లో భార్యకు క్షమాపణ పంపిస్తాడు. మొదట్లో ఓ చిన్న జోకులా వేసిన విత్తనం అటు యాక్షన్‌ను, ఇటు పాత్రను రెంటినీ మోసింది. దీనికైన ఖర్చు కాగితం, ఆలోచన.

ప్రశ్న: పూర్తి స్క్రిప్టు లేకుండానే షూటింగ్ మొదలుపెట్టి హిట్ కొట్టిన సిరీస్‌లు ఉన్నాయి కదా. మరి రాతకు అంత ప్రాధాన్యం ఎందుకు?

జవాబు: ‘మిషన్ ఇంపాజిబుల్: ఫాలౌట్’ (2018) అలా మొదలైందే. అయితే దాని దర్శకుడు క్రిస్టఫర్ మెక్వారీ స్వయానా రచయిత, స్క్రీన్‌ప్లేకు ఆస్కార్ అందుకున్నవాడు. సెట్లో రాసేవాడు, తీసేవాడు ఒక్కడే. అక్కడ రాత ఆగలేదు, కాగితం మీది నుంచి సెట్లోకి వచ్చింది.

దీనికి ఎదురు ఉదాహరణ జేమ్స్ బాండ్ సినిమా ‘క్వాంటమ్ ఆఫ్ సొలేస్’ (2008). హాలీవుడ్ రచయితల సమ్మె 2007 నవంబర్ 5న మొదలై 2008 ఫిబ్రవరి 12 దాకా సాగింది. ఆ మధ్యలో స్క్రిప్టు సరిచేయడానికి రచయిత లేక, సీన్లను తానూ దర్శకుడూ కూర్చుని తిరగరాసుకున్నామని హీరో డేనియల్ క్రెయిగే తర్వాత చెప్పాడు. కారు, పడవ, విమానం, అన్నిట్లోనూ ఛేజింగులున్నాయి. ఎవరు ఎవర్ని ఎందుకు తరుముతున్నారో గుర్తుండటమే కష్టం. డబ్బు, నటులు, స్టంట్ బృందం, దేనికీ కొరత లేని సినిమా అది.

ప్రశ్న: నేనొక యాక్షన్ స్క్రిప్టు రాస్తున్నాను. ‘ఇక్కడ భీకరమైన ఫైటు’ అని రాసి వదిలేస్తే ఫైట్ మాస్టర్ చూసుకోడా?

జవాబు: దెబ్బలు ఆయన చూసుకుంటాడు. ఆ దెబ్బలు ఎందుకో మీరు రాయాలి.

ముందు లెక్క సంగతి. స్క్రిప్టులో పేజీకి ఒక నిమిషమని అంచనా. షెడ్యూలు వేసేవాళ్ళు పేజీని ఎనిమిది భాగాలుగా కొలుస్తారు. ‘రెండు సైన్యాలు తలపడతాయి’ అన్న ఒక్క లైను పేజీలో ఎనిమిదో వంతు. తెర మీద అది పది నిమిషాలు కావచ్చు, తీయడానికి వారాలు పట్టొచ్చు. కాబట్టి ఒక్క లైనుతో సరిపెడితే బడ్జెట్, షెడ్యూలు రెండూ తప్పుతాయి. అలాగని ప్రతి గుద్దూ రాయకండి, ఎవరూ చదవరు. మలుపులు రాయండి. అయిదారు నిమిషాల సీక్వెన్స్‌కు మూడు, నాలుగు మలుపులు చాలు: అనుకున్న దారి మూసుకుపోవడం, చేతిలోది జారిపోవడం, మిత్రుడనుకున్నవాడు చేయి వదలడం లాంటివి.

హీరోకు కావలసింది ‘బతకడం’ అని రాస్తే చాలదు, అది అందరికీ కావాలి. ‘ఆ పెట్టె కిటికీ దాటి వెళ్ళకూడదు’ లాంటి కంటికి కనిపించే లక్ష్యం ఉండాలి. గొడవ మొదలవకముందే తలుపు ఎటు, మెట్లు ఎటు, పెట్టె ఎక్కడ అన్నది ఒక మామూలు సీన్లో చూపించేయండి. ఫైట్ మధ్యలో గది పటం నేర్పబోతే ఆలస్యమైపోయినట్టే. గందరగోళంగా ఉందని ఎడిటర్‌ని తిట్టే సందర్భాల్లో చాలావాటికి మూలం ఈ లోపమే.

ప్రేక్షకుడికి ఎంత ముందుగా చెప్పాలన్నదీ మీ చేతిలోనే ఉంది. బల్లకింద బాంబు గురించి సస్పెన్స్ సినిమాల దర్శకుడు హిచ్‌కాక్ చెప్పిన లెక్క ఒకటుంది. బాంబు ఉన్నట్టుండి పేలితే పదిహేను సెకన్ల ఉలికిపాటు. అది ఉందని ముందే చూపించి, పాత్రల చేత పిచ్చాపాటీ మాట్లాడిస్తే పదిహేను నిమిషాల ఉత్కంఠ. బాంబు ఒకటే, గ్రాఫిక్స్ ఖర్చూ ఒకటే.

ఇంకో హెచ్చరిక. పెద్ద సినిమాల్లో స్టంట్లు, లొకేషన్లు ముందే ఖాయమైపోయి, వాటిని కలిపే కథ రాయమని రచయితను పిలుస్తుంటారు. అలాంటప్పుడు స్టంట్‌ను మార్చలేరు గానీ దాని కారణాన్ని మార్చుకోవచ్చు. హీరో రైలు మీద పరిగెత్తక తప్పదంటే, ఆ రైల్లో ఎవరున్నారన్నది మీ ఇష్టం.

ప్రశ్న: మూడో భాగం, నాలుగో భాగం వచ్చేసరికి ఈ సిరీస్‌లు ఎందుకు చప్పబడిపోతాయి?

జవాబు: ప్రమాదం సైజు పెంచుతూ పోవడం వల్ల. మొదటి భాగంలో ఒక పిల్ల, తర్వాత నగరం, ఆపై ప్రపంచం. ప్రపంచం అంతమైపోదని చూసేవాడికి ముందే తెలుసు, తర్వాతి భాగం ప్రకటన కూడా వచ్చేసి ఉంటుంది. పిల్లకు ఏమవుతుందో మాత్రం తెలియదు. పెంచాల్సింది సైజు కాదు, మూల్యం: రెండు ప్రియమైనవాటిలో ఒకటి వదులుకోక తప్పని పరిస్థితి.

రెండోది దెబ్బల ఖాతా. పదంతస్తుల మీంచి పడి దుమ్ము దులుపుకుని లేచినవాడు, తర్వాతి భాగంలో అంచు పట్టుకుని వేలాడితే ఎవరికి భయం? చచ్చినవాణ్ణి తిరిగి తెస్తే ఆ తర్వాతి చావులన్నీ తేలిపోతాయి. అందుకే ఈ లోకంలో ఏది సాధ్యం, ఏది కాదు అన్న పట్టిక మొదటి భాగం రాసినప్పుడే వేసుకుని దగ్గర పెట్టుకోవాలి.

ప్రశ్న: కథలో కన్నం కనబడితే ఎడిటింగ్‌లో పూడ్చొచ్చా?

జవాబు: చిన్నదైతే పూడ్చొచ్చు. పాత్ర వీపు కనిపించే షాట్ మీద డబ్బింగ్‌లో కొత్త మాట అతికిస్తారు. అటు తిరిగి నిలబడ్డవాడు ఉన్నట్టుండి కథంతా విడమరిచి చెబితే అదేనని అనుమానించండి. కారణమే లేని క్లైమాక్స్‌కు మాత్రం ఆ వైద్యం పనిచేయదు. సెట్టు మళ్ళీ వేసి, నటుల కాల్షీట్లు మళ్ళీ తీసుకుని రీషూట్ చేయాల్సిందే.