ఆ రెండు వారాల హుషారు సంగతి డాక్టరుకు చెప్పారా?

నల్గొండ జిల్లా నుంచి ఒక అక్క రాశారు. 27 ఏళ్ల తమ్ముడు ఉద్యోగం మానేసి మూడు నెలలుగా గది దాటి రావడం లేదు, స్నానం చేయమన్నా "నా వల్ల కాదక్కా" అంటాడు. నాన్న బద్ధకం అంటారు, అమ్మ దిష్టి అంటుంది. ఊళ్లో డాక్టరు డిప్రెషన్ మాత్రలు రాశారు. అవి వాడాలా, కౌన్సెలింగ్ సరిపోతుందా అని ప్రశ్న.

అమ్మా, బద్ధకమైతే కాదు. కానీ మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేసిన సంగతి ఒకటుంది. రెండేళ్ల కిందట రెండు వారాలపాటు రాత్రికి రెండు మూడు గంటలే పడుకుని, అయినా అలసట లేకుండా, ఎవర్నీ మాట్లాడనివ్వకుండా తనే మాట్లాడుతూ, అప్పు చేసి బిజినెస్ పెట్టాడని, "అప్పుడెంత హుషారో" అని రాశారు. ఈ మాట డాక్టరుకు చెప్పారా? చాలామంది చెప్పరు, దిగులుగా ఉన్నప్పుడే కదా ఆస్పత్రికి వెళ్తాం. అది బైపోలార్ కావచ్చు, అంటే కొన్నాళ్లు అతి హుషారు, కొన్నాళ్లు తీవ్రమైన దిగులు వచ్చే జబ్బు. ఉత్తరం చూసి నేను తేల్చలేను, సైకియాట్రిస్టు తేల్చాలి. ఒకవేళ అదే అయితే డిప్రెషన్ మాత్ర ఒక్కటే వాడినప్పుడు మనిషి మళ్లీ ఆ అతి హుషారులోకి వెళ్లే ప్రమాదం ఉంది, అందుకే మూడ్‌ని నిలకడగా ఉంచే మందులు ఇస్తారు. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే సైకియాట్రిస్టు ఈ జబ్బుకు వాడి చూసిన లిథియం ఇప్పటికీ వాటిలో ముఖ్యమైనది, కాకపోతే రక్తంలో దాని మోతాదు, థైరాయిడ్, కిడ్నీలు అప్పుడప్పుడు పరీక్ష చేయించాలి. మాత్రలు మీ అంతట మీరు ఆపకండి, ఈ వారంలోనే సైకియాట్రిస్టు దగ్గరికి మీరూ తోడు వెళ్లి ఆ రెండు వారాల సంగతి చెప్పండి.

ఇక కౌన్సెలింగ్. బైపోలార్ అయితే అది మందుతో పాటే, మందుకు బదులు కాదు. 1960లలో ఆరన్ బెక్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు గమనించింది ఏంటంటే, డిప్రెషన్‌లో ఉన్న మనసు తన గురించి, లోకం గురించి, రేపటి గురించి చెడే చెబుతుంది, ఆ మనిషికి అదంతా నిజమే అనిపిస్తుంది. అందుకే "ధైర్యంగా ఉండు" అని ఎన్నిసార్లు అన్నా ఎక్కదు. సీబీటీ అనే కౌన్సెలింగ్ పద్ధతిలో ఆ ఆలోచనలు ఎంతవరకు నిజమో అతనితోనే పరీక్ష చేయిస్తారు. పనులు కూడా అంతే, మనసు బాగుపడ్డాక చేస్తానని కూర్చుంటే ఆ రోజు రాదు, చిన్న పని ముందు మొదలుపెడితే మనసు మెల్లగా వెనకాల వస్తుంది. రోజూ ఒకే టైముకి పది నిమిషాలు అరుగు మీద కూర్చోబెట్టండి, చాలు. నిద్ర వేళలు మాత్రం అస్సలు తప్పనివ్వకండి, బైపోలార్‌లో నిద్ర చెడితే మూడ్ చెడుతుంది.

నాన్నగారితో వాదించకండి, డాక్టరు దగ్గరికి ఆయన్నీ తీసుకెళ్లండి. అమ్మ దిష్టి తీస్తే తీయనివ్వండి, మాత్ర మాననంతవరకు నాకేం అభ్యంతరం లేదు.

చచ్చిపోవాలనిపిస్తోందా అని తమ్ముణ్ని నేరుగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. పొలానికి తెచ్చిన పురుగుల మందు ఇంట్లో ఉందేమో చూసి, ఈ రోజే వేరేచోట పెట్టించండి.